టీ మాస్టారి నాలుక

"ఇది ఆత్మహత్య కాదని నిరూపించు బావా, ఈ టోపీ తీసి నీ చేతిలో పెట్టి ఇంటికెళ్ళిపోతాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నీ టోపీ నాకెందుకురా? ఊళ్ళో ఇప్పటికే చాలామందికి పెట్టావు" అని డిటెక్టివ్ చంకలోని నీళ్ళసీసా తీసి ఒక గుక్క తాగాడు.

ఆయనకి మాట్లాడాలంటే గుక్క, మింగాలంటే గుక్క, నోరు మూసుకుని కూర్చోవాలన్నా గుక్కే. రెండేళ్ళ క్రితం గొంతులో గడ్డ లేచింది. రేడియేషన్ ఇచ్చారు. గడ్డ పోయింది, పోతూ పోతూ నోట్లో ఊరే తడిని కూడా వెంటబెట్టుకుపోయింది. అప్పట్నుంచి సీసా లేకుండా గడప దాటలేదు. పోలీసుల్లో అందరూ ఆయన్ని వెనకాల 'సీసా' అంటారు. ముఖాన అనే ధైర్యం మాత్రం ఒక్క ఇన్‌స్పెక్టర్‌కే ఉంది, ఎందుకంటే సీసా పెళ్ళాడింది అతని సొంత అక్కని. ఆ బంధుత్వం వల్ల ఇద్దరి మధ్యా ప్రేమ పెరిగిందని ఎవరూ అనలేదు.

టీ కంపెనీలో రుచి చూసే గది అది. ఉత్తరం వైపు గోడంతా కిటికీ. దాని కింద నడుమెత్తు బల్ల, బల్ల మీద వరసగా తెల్ల పింగాణీ కప్పులు, ఒక్కో కప్పు వెనక మూత బోర్లించిన చిన్న కూజా, ఆ మూత మీద ఉడికిన టీ ఆకు. పక్కన చక్రాల మీద కదిలే ఉమ్మే తొట్టి. రుచి చూసేవాడు చెంచాతో టీ తీసుకుని జుర్రుమని పీల్చి, నోరంతా తిప్పి, తొట్టిలో ఉమ్మి, బాగుందనో బాగాలేదనో ఒక ముక్క చెబుతాడు. ఆ ముక్క మీద లారీలకి లారీల సరుకు కదులుతుంది. ఇరవయ్యారేళ్ళుగా ఆ ముక్క చెప్పింది టీ మాస్టారు. మూడు రోజుల క్రితం, సోమవారం, ఇదే బల్ల పక్కన పడిపోయి ప్రాణం వదిలాడు.

"మళ్ళీ మొదట్నుంచీ చెప్తాను, చెవులు కూడా ఎండిపోలేదు కదా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పదింటికి ఫ్లాస్కులో నీళ్ళు పట్టుకుని గదిలోకొచ్చాడు. పదకొండుకి దబ్బుమని చప్పుడైంది. గుండెజబ్బుకి వాడే మాత్రలు గుప్పెడు నూరి ఆ నీళ్ళలో కలిపి ఉన్నాయి. లాబొరేటరీవాళ్ళు ఏమన్నారో తెలుసా? ఒక్క చుక్క నాలిక్కి తగిలితే పసిపిల్లాడు కూడా ఉమ్మేస్తాడట, అంత చేదు. మన మాస్టారేమో దేశంలోకెల్లా గొప్ప నాలుకున్న మనిషి. ఫ్లాస్కు అడుగంటా తాగాడు. తెలిసి తాగినట్టా, తెలీక తాగినట్టా?"

సీసా బుర్ర గది బయట, వరండా బల్ల మీద కూర్చున్న ఆవిడ దగ్గరే ఉంది. మాస్టారి భార్య. భర్త కళ్ళజోడూ చెంచా తీసుకెళ్ళడానికి వచ్చింది. నిన్న సీసా ఇంటికొచ్చి, ఇచ్చిన కాఫీ ముట్టుకోకుండా ఆవిడ అడిగింది ఒక్కటే.

"ఆదివారం రాత్రి ఆయన్ని ఒక మాట అన్నాను బాబూ. మూణ్ణెల్ల నుంచీ ఏం చేసిపెట్టినా అందులో ఇన్ని నీళ్ళు పోసుకుని, గడ్డి నమిలినట్టు నమిలి లేచిపోతున్నారు. బాగుందని లేదు, బాగాలేదని లేదు. నాకు ఒళ్ళు మండింది. మీకు వండిపెట్టేకన్నా ఆ గోడకి వండిపెట్టడం నయం అన్నాను. ఊళ్ళోవాళ్ళ టీ నీళ్ళకి రుచి చెప్తారు గానీ ఇంట్లోదాని చేతి రుచి మీకెందుకు తెలుస్తుంది అన్నాను. ఆయన నవ్వారు. పొద్దున్నే వెళ్ళారు, మళ్ళీ రాలేదు. నా మాట పడలేక పోయారా, లేకపోతే ఎవరైనా చంపారా? ఆ ఒక్కటీ చెప్పండి. ఎవరు చంపారో కూడా నాకక్కర్లేదు."

ఇలాంటి కేసు సీసాకి ఎప్పుడూ తగల్లేదు. మామూలుగా మనుషులు తమవాళ్ళు హత్యకి గురికాలేదని చెప్పమంటారు. ఈవిడ హత్యే అయితే బాగుండునని కళ్ళలో వత్తులేసుకుని చూస్తోంది.

"ఆ కాలర్ చొక్కాలు చూశావా?" అన్నాడు సీసా.

"ఏ కాలర్?"

"మాస్టారి ఫొటోలన్నిట్లోనూ మెడ బోసిగా ఉండేది. ఈ మూణ్ణెల్లూ ఎండల్లో కూడా పైగుండీ దాకా బిగించుకు తిరిగాడట. శవం మెడ చూశావు కదా, ఎలా ఉంది?"

"నల్లగా కమిలి ఉంది. పోస్ట్‌మార్టం డాక్టరు పాతదే అన్నాడు, రేడియేషన్ మచ్చ."

సీసా తన కాలర్ కిందికి లాగాడు. దవడ కింద నుంచి కంఠం దాకా తోలు మాడిన రొట్టె రంగులో ఉంది. "ఇలాంటిదే. గడ్డ ఉన్నది గోళీకాయంత. దాన్ని కాల్చడానికి వేసిన కిరణం దారిలో ఉన్నవాటినన్నిటినీ కాలుస్తుంది. అచ్చం నీలాగే. దొంగ ఒకడైతే వీధి వీధంతా వ్యాన్‌లో ఎక్కిస్తావు చూడు, అలా. దొంగ దొరుకుతాడు, కాదనను. కానీ మిగతావాళ్ళు ఇంటికొచ్చాక మునుపటి మనుషుల్లా ఉండరు."

"నా సంగతి సరే. అయితే ఏంటంటావ్?"

సీసా వంగి బల్ల సొరుగు లాగాడు. లోపల చేతిగుడ్డ, అద్దాలు తుడిచే గుడ్డ, వెనకాల మూలలో నాలుగు చిన్న రేకు డబ్బాలు. నమూనా టీపొడి పోసుకునే డబ్బాలే, కానీ టీ వాసన లేదు. ఒక్కొక్కటీ మూత తీశాడు. ఉప్పు. పంచదార. నిమ్మఉప్పు. నాలుగోదాంట్లో ఎండబెట్టి దంచిన కాకరకాయ పొడి. అన్నిట్లోనూ తడి వేలు పెట్టిన గుంటలున్నాయి.

ఎనిమిది నెలలు రోజూ పొద్దున్నే భార్య లేవకముందు వంటింట్లో దొంగలా నిలబడి ఉప్పులో వేలద్ది నాలుక మీద పెట్టుకున్నవాడు సీసా. ఉప్పు ఇసకలా ఉండేది. పంచదారా ఇసకే. ఇంకో రోజు చూద్దాంలే అనుకుని డబ్బా మూత పెట్టేసేవాడు. ఆ పని ఇంకొకడు కూడా చేసుంటాడని ఎప్పుడూ తోచలేదు. మూతలు ఒక్కొక్కటే మళ్ళీ పెట్టాడు.

"మాస్టారికి రుచి పోయింది. బొత్తిగా పోయింది. ఆఫీసులో చెబితే ఉద్యోగం పోతుందని దాచాడు. ఇంట్లో చెబితే ఆవిడ కుమిలిపోతుందని అక్కడా దాచాడు. నాలుక మీద విషం పోసినా తేనె పోసినా ఒకటే. నీ చేదు లెక్క తప్పింది బామ్మర్దీ."

ఇన్‌స్పెక్టర్ రెండు క్షణాలు డబ్బాల వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు సీసాకి ఎప్పట్నుంచో తెలుసు, తన పెళ్ళిలో బామ్మర్ది చెప్పులు దాచినప్పుడు కూడా అలాగే నవ్వాడు.

"తప్పలేదు బావా, ఇప్పుడే సరిగ్గా కుదిరింది. నాలుకే అన్నం పెట్టే మనిషికి నాలుక పోయింది. పైన పెళ్ళాం దెప్పింది. ఇంకేం కావాలి చావడానికి? కారణం లేదని నిన్నటిదాకా కాస్త అనుమానంగా ఉండేది. అదీ నువ్వే పూడ్చావు. చాలా థాంక్స్."

సీసా ఒక గుక్క తాగాడు. ఆవిణ్ణి గోతిలోంచి లాగబోయి ఇంకా లోపలికి తోసినట్టయింది.

"మాస్టారి శిష్యుణ్ణి పిలువు" అన్నాడు.

శిష్యుడంటే కుర్రాడేం కాదు, నలభై దాటినవాడు. పదిహేనేళ్ళుగా మాస్టారి పక్కన నిలబడి కప్పులు సర్దుతూ, రెండో నాలుకగా రుచి చూస్తూ వచ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. తెల్ల ఆప్రాన్ మీద టీ మరకలు.

"మాస్టారి నాలుక ఎలా ఉండేది ఈమధ్య?"

"అదేం ప్రశ్నండీ? ఆయన నాలుకకి వంక పెట్టేవాడు పుట్టలేదు."

సీసా నాలుగు డబ్బాలూ అతని ముందు పెట్టి మూతలు తీశాడు. శిష్యుడు వాటిని చూసి, పెదవి కొరుక్కుని, స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇంక దాచను. నాకు తెలుసండి. వైద్యానికని సెలవు పెట్టి తిరిగొచ్చిన మొదటి రోజే కనిపెట్టాను. మాడు వాసనేసే సరుకుని బాగుందన్నారు. ఆయన పరువు పోతే నా పరువు పోయినట్టే కదండీ. అందుకని ఆయనకంటే ముందు నేను రుచి చూసేవాణ్ణి. సరుకు బాగుంటే చెంచా కప్పు పక్కన పెట్టేవాణ్ణి. బాగాలేకపోతే కప్పు మీద అడ్డంగా. ఆయన చెంచా చూసి చెప్పేవారు."

"ఆయన అడిగారా అలా చెయ్యమని?"

"లేదండీ. నేనూ చెప్పలేదు. ఆయనకి తెలుసు, నాకు తెలుసు. ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు."

"మరి ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. నామీద ఒట్టు." అతను ఆప్రాన్‌తో కళ్ళు తుడుచుకున్నాడు. "ఈ వారం పది రోజులూ మరీ దిగులుగా ఉన్నారండీ. ఎందుకురా ఈ బతుకు అన్నారు ఒకసారి. నేను పట్టించుకోలేదు, నాదే తప్పు."

ఇన్‌స్పెక్టర్ బావ వైపు చూసి కనుబొమలెగరేశాడు. వినబడిందా అన్నట్టు.

"సోమవారం పది నుంచి పదకొండు దాకా నువ్వెక్కడున్నావు?" సీసా వదల్లేదు.

"వెనకాల గోడౌన్‌లో, కొత్త నమూనాలు విప్పుతూ. ఆయన ఒక్కరే ఉన్నారు గదిలో. చప్పుడు విని పరిగెత్తుకొచ్చేసరికి..."

"గోడౌన్‌లో ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరండీ. కానీ అక్కడే ఉన్నాను, ఎక్కడికెళ్తాను?"

"ఇంక చాలు బావా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పాపం, ఆ మనిషి మూణ్ణెల్లు గురువుగారి పరువు మోశాడు. అతన్నెందుకు పీడిస్తావు? సాయంత్రానికి కేసు మూసేస్తున్నాను."

"మాస్టారి ఫోన్ ఇటివ్వు."

"ఎందుకు?"

"చూస్తే అరిగిపోదు. ఇవ్వు."

ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూ సంచిలోంచి ఫోన్ తీశాడు. "చూసేశానులే. ఆ రోజు రెండే కాల్స్. పది ముప్ఫైఅయిదుకి భార్యకి చేశాడు. ఆవిడ ఎత్తలేదు, కోపంలో ఉందిగా. తర్వాత రేడియేషన్ డాక్టరమ్మకి, ఆరు నిమిషాలు మాట్లాడాడు. పెళ్ళానికి చివరి మాట చెప్పుకుందామనుకున్నాడు, నాలుక పీకేసిన డాక్టర్ని కడిగేద్దామనుకున్నాడు. చచ్చేవాడు ఇంకేం చేస్తాడు?"

"డాక్టరమ్మని అడిగావా?"

"అడగడానికేముంది అందులో?"

ఎత్తలేదన్న మాట ఆవిడ తనకి చెప్పలేదని సీసాకి చురుక్కుమంది. ఎలా చెబుతుంది పాపం? నోరు తెరిచి చెప్పుకోగలిగిన తప్పులు కొన్నే ఉంటాయి. సీసా ఆ ఫోన్‌లోనే డాక్టరమ్మ నంబరు నొక్కి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి, కప్పుల మధ్య ఉంచాడు.

మూడోసారి మోగుతుండగా ఎత్తారు.

"హలో మాస్టారూ!" ఆడగొంతు, హుషారుగా. "ఎలా ఉన్నారు? చేదు ఒక్కటేనా, ఇంకేమైనా తెలుస్తున్నాయా?"

సీసా ఒక గుక్క తాగి, బల్ల మీదికి వంగాడు.

"డాక్టరుగారూ, నేను మాస్టార్ని కాదు. వాళ్ళింటి తరఫు మనిషిని. సోమవారం ఆయన మీతో ఏం మాట్లాడారో కొంచెం చెప్తారా?"

"ఎందుకండీ? ఆయనకేమన్నా అయిందా?"

"మీరు ముందు చెప్పండి. తర్వాత నేను చెప్తాను."

"ఏముందండీ, చిన్నపిల్లాడిలా గంతులేశారు. నీళ్ళు తాగుతుంటే చేదు తెలిసిందట. 'చేదంటే అలాంటిలాంటి చేదు కాదు డాక్టరమ్మా, కటిక చేదు, నా నాలుక బతికింది' అని ఒకటే గోల. నాకూ కళ్ళనీళ్ళొచ్చాయి. ఆయన రోజూ రేడియేషన్ బల్ల మీద పడుకునేముందు నన్నొకటే అడిగేవారు, గడ్డ సంగతి సరే, నాలుక తిరిగొస్తుందా అని."

"మంచినీళ్ళు చేదుగా ఉన్నాయంటే మీకేం అనుమానం రాలేదా?"

"రాదండీ, రేడియేషన్ అయ్యాక రుచి తిరిగొచ్చేటప్పుడు చాలామందికి అలాగే ఉంటుంది. నీళ్ళు చేదంటారు, ఇనుము నాకినట్టుందంటారు. అదే చెప్పాను. కంగారుపడకండి, మంచి సూచనే, నీళ్ళు మాత్రం మానొద్దు, ఎంత తాగితే అంత మంచిది అన్నాను. అప్పటికి సగమే తాగారట."

సీసా రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. మూణ్ణెల్లు చచ్చిపడున్న నాలుక లేచి నిలబడి, మొట్టమొదట చెప్పిన మాట నిజమే చెప్పింది. విషం, ఉమ్మెయ్ అంది. ఇరవయ్యారేళ్ళు దాని మాట మీద బతికిన మనిషి ఆ ఒక్కసారే దాన్ని నమ్మలేదు.

"ఇంకేమైనా గుర్తుందా డాక్టరుగారూ? పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారండీ, మాటలు వినపడ్డాయి. 'చూశారా, డాక్టరుగారు కూడా అదే అంటున్నారు, మొత్తం తాగెయ్యండి మాస్టారూ' అంటున్నారు. ఎవరని అడిగితే ఈయన మురిసిపోతూ చెప్పారు. 'నా శిష్యుడమ్మా. నేను ఉమ్మేయబోతుంటే వాడే ఆపాడు. ఇది నీళ్ళ చేదు కాదు మాస్టారూ, మీకు రుచి వచ్చేసింది అని ముందు కనిపెట్టింది వాడే' అని."

శిష్యుడు స్టూలు మీంచి లేచాడు. కప్పులు రెండు కిందపడి పగిలాయి. తలుపు దాకా వెళ్ళాడో లేదో ఇన్‌స్పెక్టర్ కాలర్ దొరకబుచ్చుకుని గోడకి అదిమాడు. కుళ్ళు ఎంతున్నా చెయ్యి మాత్రం చురుకైనదే అతనిది.

"గోడౌన్‌లో నమూనాలు విప్పుతున్నావా నువ్వు?"

శిష్యుడి వాచిన కళ్ళలో ఇప్పుడు తడి లేదు. "మూణ్ణెల్లు ఆ నాలుక నాది" అన్నాడు, పళ్ళ మధ్య నుంచి. "రుచి నాది, పేరు ఆయనది. ఒక్కరోజైనా నీ వల్లే బతుకుతున్నానురా అన్నాడా? పోయిన వారం మొదటిసారి నోరు విప్పి, ఇంకో వారమో పది రోజులో రుచి వచ్చేస్తుందిరా, ఇంకో పదేళ్ళు ఢోకా లేదు అన్నాడు. రాకముందే అయిపోవాలని ఆ ఫ్లాస్కులో మాత్రలు కలిపాను. తీరా ఆ రోజే వచ్చింది. మొదటి గుక్కకే మొహం అదోలా పెట్టాడు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి."

"హలో?" బల్ల మీద ఫోన్ ఇంకా మాట్లాడుతోంది. "ఏంటండీ ఆ చప్పుడు? మాస్టారు బాగానే ఉన్నారు కదా?"

చెప్పక తప్పదు. సీసా స్పీకర్ ఆపి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి చెప్పాడు. నేనే తాగమన్నాను అని అవతల నుంచి వినపడింది. లేదమ్మా, మీ తప్పు కాదు అన్నాడు. ఆ మాట ఎంత తేలికో, ఎంత పనికిరానిదో అతనికి తెలుసు.

తిరిగి చూసేసరికి గుమ్మంలో మాస్టారి భార్య నిలబడి ఉంది. ఎప్పట్నుంచి నిలబడిందో తెలీదు. చేతిలో భర్త చెంచా ఉంది. ఇన్‌స్పెక్టర్ ఈడ్చుకుపోతున్న శిష్యుడికి పక్కకి తప్పుకుని దారిచ్చింది గానీ వాడి మొహం చూడలేదు.

"ఆయనకి రుచి తెలీక నీళ్ళు పోసుకు తినేవారా?" అంది.

"అవునమ్మా. మీ వంటకి వంక పెట్టి కాదు. మీరన్న మాటకి పోలేదమ్మా ఆయన. చివరి గంటలో ఆయనంత సంతోషంగా ఉన్నవాడు ఈ ఊళ్ళోనే లేడు. మీరడిగినదానికి ఇదే జవాబు."

ఆవిడ తల ఊపింది. ముఖంలో ఏదో సడలింది. అది చూసి సీసాకి ప్రాణం లేచొచ్చింది. ఇంక ఇక్కణ్ణుంచి ఆవిణ్ణి మెల్లగా తీసుకుపోతే చాలు అనుకున్నాడు.

"ఆ సంతోషం ముందు ఎవరికి చెప్పాలనుకున్నారు?" అని అడిగింది ఆవిడ.

సీసా తడుముకోలేదు. "డాక్టరమ్మకేనమ్మా. వైద్యం చేసింది ఆవిడ కదా."

గుమ్మం అవతల ఇన్‌స్పెక్టర్ ఆగి వెనక్కి చూశాడు. బావ చెప్పిన మాటని మొదటిసారి కొట్టిపారెయ్యలేదు. "అవునమ్మా, ముందు ఆస్పత్రికే చేశారు" అన్నాడు, టోపీ సర్దుకుంటూ.

"మీరిద్దరూ మంచివాళ్ళు" అంది ఆవిడ. "నా ఫోన్‌లో ఆయన చేసిన టైము పది ముప్ఫైఅయిదు అనుంది బాబూ. పొయ్యి దగ్గరే ఉన్నాను, మోగుతుంటే చూస్తూ ఊరుకున్నాను. నీళ్ళు చేదుగా ఉన్నాయని నాతో అనుంటే, పారబొయ్యండి అనేదాన్ని."